ఎవర్నీ అడగని పెట్టె

1. పెద్ద పోటుకి తొమ్మిది రోజులు

గుండూ, నీ పుస్తకంలో మీ అమ్మను, నేను రాస్తున్నాను. కోప్పడకు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నువ్వే రాసిపెట్టావు కదా, "పెట్టె మీద చెయ్యి పెట్టినవాళ్లు ఆ రోజే రాయాలి. ఏం చేశారో రాయాలి. తప్పు చేస్తే అదీ రాయాలి" అని. ఈరోజు చెయ్యి పెట్టాను. అందుకని రాస్తున్నాను. మూడో తరగతి దాటని చెయ్యి, అక్షరాలు వంకరగా ఉంటాయి, చదువుకో.

పొద్దున్నే తూముల పెద్ద గవరయ్య మావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్ద పోటు దగ్గర పడతంది. పెట్టె ఓపాలి ఎలిగించి సూడే పారమ్మా" అన్నాడు. నీ పేరు ఎత్తలేదు. నువ్వు పోయి నలభై రెండు రోజులు. ఇన్నాళ్లూ సముద్రానివి చిన్న పోట్లే కాబట్టి పదకొండు తూములూ తెరిచే ఉన్నాయి, వాటిని వరసగా మూసే పెట్టెతో ఎవరికీ పని పడలేదు.

గుడ్డ తీసి, దణ్ణం పెట్టుకుని, కప్పు మీది ఎండ పలకల నుంచి వచ్చే కరెంటు తగిలించి మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. తెర వెలగలేదు. నువ్వు నొక్కితే మూడు లెక్కపెట్టేలోపు తెర మీద ఒక తెల్ల గడి వచ్చి టపటపా కొట్టుకునేది. నేను మూడు వందలు లెక్కపెట్టాను. ఆపి, మళ్లీ నొక్కాను. నాలుగుసార్లు. నల్లగానే ఉంది.

నువ్వు పోయాక పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు. వాన కురిసిన రోజున పక్కింటి ఎర్నమ్మ వదిన మొగుడు అప్పన్న, కప్పు కారే చోటు నుంచి ఈ మూలకి జరిపాడు. అంతే.

2. ఎనిమిది రోజులు

మూత విప్పాను. మరలు నాలుగూ నువ్వు చేసినట్టే చింతపండు డబ్బా మూతలో వేశాను. నువ్వు పని చేస్తుంటే పక్కన కూర్చుని అద్దం పట్టి వెలుగు చూపించడం నా పని. ఎన్నేళ్లు పట్టాను? నీ చేతులు ఏ వరసలో కదిలేవో కళ్లకి తెలుసు. ఇప్పుడు నా చేతులకి నేర్పాలి.

నువ్వు చెప్పిన వరస: ముందు దానికి అన్నం అందుతోందా చూడు, తర్వాత గుండె కొట్టుకుంటోందా చూడు, ఆ తర్వాతే మెదడు సంగతి. అన్నం అంటే కరెంటు. మీటరు ముల్లు ఐదు చూపించాలి. ఒక్కొక్క చిప్పు మూలకాలికీ మీటరు పుల్ల ఆనించి చూశాను. నువ్వు వాటిని జెర్రులనేదానివి, అన్ని కాళ్లుంటాయని. ముప్పై ఒక్క జెర్రులు. అన్నిటికీ ఐదే. అన్నం అందుతోంది, మరి లేవదేం?

మధ్యాహ్నం గవరయ్య మావ గట్టు మీద అందరినీ పిలిచాడు. అరవై మూడు ఇళ్లవాళ్లూ వచ్చారు.

"పెట్టె ఎలగనేదు. సేత్తో మూసీడానికి ఒక్కో సెక్రానికి నలుగురు, ఒక్కో తూముకి అరగంట. ఒకదాని ఎనక ఒకటే మూసుకుంతా రావాలి, పోటు ఎక్కీడానికేమో గంటన్నరే. వరస తప్పినామంటే నీళ్లు మద్దిన ఇరుక్కుని గట్టు తెగిపోద్ది. ఇళ్లు మిగలవు" అన్నాడు. "అందుకే సెప్తన్నాను. గట్టు తవ్వీడానికి మూడు రోజులు పడతాది కాబట్టి, పోటుకి మూడు రోజుల ముందు మిట్టమజ్జాన్నం దాకా సూస్తాం. అప్పటికీ ఎలక్కపోతే మనమే గట్టు కొట్టీసి నీళ్లని సెరువులోకి ఒదిలీడమే. ఇళ్లన్నా మిగుల్తాయి."

"సెరువు ఉప్పయిపోతే తాగీదేటి మావా?" ఎర్నమ్మ వదిన అడిగింది. "నీళ్లు నేని ఇళ్లెందుకు, అప్పడాలు ఎండబెట్టుకోడానికా?"

ఎవరూ నవ్వలేదు. ఆ చెరువు తప్ప ఇక్కడ మంచినీళ్లు లేవు. ఉప్పెక్కితే నాలుగేళ్లు నోట పెట్టలేం. కొండమీది ఊళ్లు మనల్ని రానిస్తాయో లేదో తెలియదు.

కొత్త యంత్రాలున్న రోజుల్లో అవన్నీ పైనున్న ఉపగ్రహాలని, ఆకాశాన్ని అడిగి పని చేసేవి. ఆకాశం పలకడం మానేసిన ఏడాది ఒక్క పూటలో అన్నీ పడుకున్నాయి. నీకప్పుడు పన్నెండేళ్లు. మీ తాతమ్మ అటక మీద నుంచి ఈ పాత కంప్యూటరు పెట్టెను దించి, మన టీవీకి తగిలించి, "ఇది ఎవర్నీ అడగదమ్మా!" అని గంతులేశావు. నాకు ఆ గంతులే గుర్తొస్తున్నాయి గుండూ.

3. ఏడు రోజులు

గుండె కొట్టుకోవడం మీటరుకి కనబడదు, అందుకని ఈరోజు వేలు పరీక్ష. పెట్టెను వెలిగించి పది నిమిషాలుంచి ఒక్కొక్క జెర్రి వీపు మీద వేలు పెట్టాను. వేలు కాలితే అది చచ్చినట్టు. గోరువెచ్చగా ఉంటే బతికున్నట్టు. చల్లగా ఉంటే దానికి పని అందట్లేదు, లేదా అదే పని చెయ్యట్లేదు.

మధ్యలో ఉన్న పెద్ద జెర్రి, నలభై కాళ్లది, మెదడు అని నువ్వు చెప్పినది, రాయిలా చల్లగా ఉంది. వేలు అక్కడే ఉంచేశాను. నిన్ను ఆరో తూము నుంచి తీసి గట్టు మీద పడుకోబెట్టినప్పుడు నీ నుదుటి మీద పెట్టిన వేలే.

ఎర్నమ్మ వదిన అంబలి గిన్నె పట్టుకొచ్చింది. "నిన్నటి గిన్నె అలాగే ఉంది. తిన్నావేటి నువ్వు?"

"తర్వాత తింటానొదినా."

"ఆ గుంట కూడా ఇదే మాట అన్నాది."

అనేసి, తన నోరు తనే మూసుకుంది. నిజమే కదా. రెండు రోజులు మెతుకు ముట్టకుండా తూముల దగ్గర బెండులు సరిచూశావు. నీళ్లు ఎంత ఎక్కాయో ఆ బెండులు తేలి చెబితేనే పెట్టెకు తెలుస్తుందని, పోటు రాకముందే అన్నీ చూడాలని. ఆరోదాని దగ్గర కళ్లు తిరిగి పడ్డావు. అప్పన్న దూకి తీశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

4. ఆరు రోజులు

నీ డబ్బాలో మెదడు చిప్పు ఇంకోటి ఉంది, ఒక్కటే. గుడ్డలో చుట్టి "ప్రాణం మీదికొస్తేనే" అని రాశావు. వచ్చింది.

పాతది చెంచా కాడతో అటు కాస్త ఇటు కాస్త లేపి తీశాను. కొత్తది దించుతుంటే ఒక కాలు లోపలికి మడత పడింది. మళ్లీ తీసి, సూదితో ఆ కాలును సాగదీశాను. ఇంకోసారి వంగితే విరుగుతుంది. విరగలేదు. ఈ తప్పు నాది, రాస్తున్నాను. తర్వాత చేసేవాళ్లు కాళ్లన్నీ ముందు బల్లకు ఆనించి తిన్నగా చెయ్యండి.

వెలిగించాను. నలుపే. పది నిమిషాల తర్వాత వేలు పెడితే ఈ కొత్తది కూడా చల్లగానే ఉంది.

గవరయ్య మావ చూస్తూ నిలబడ్డాడు. "దీన్ని జరిపినోడు అప్పన్న గదా. కింద పడీసుంటాడు. సెప్పడు. ఆడికి తూముల పని ఇంక ఒద్దు. పోటు అయినాక పంచాయితీ ఎడదాం."

"నాను పడీనేదు మావా!" గుమ్మం బయటి నుంచి అప్పన్న అరిచాడు. "సంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాను. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లెయ్యక. మరైతే ఎలా పాడయిపోనాది? పెట్టె దానంతటదే సచ్చిపోద్దేటి?"

ఎర్నమ్మ వదిన నేను ఖాళీ చెయ్యని గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

5. ఐదు రోజులు

మావ కళ్లద్దాలు అడిగి, రెండు అద్దాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి బోర్డంతా వెతికాను. కనబడింది.

ఈరోజు రాయలేను.

6. నాలుగు రోజులు

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను. ఆ రోజే రాయాలన్నావు, ఒక రోజు దాటింది. అది ఒక తప్పు. అసలు తప్పు ఇది:

గుండె కొట్టే బిళ్ల పక్కన, మెదడు చిప్పుకి వెళ్లే సన్న రాగి గీతల మీద పచ్చటి చిలుం. చిలుం చుట్టూ మరక. దాని రంగు పసుపు. వేలితో గీకి వాసన చూశాను. పసుపే.

మొదటి రోజు రాసింది చదువుకున్నాను. "ఎవరూ ముట్టుకోలేదు" అని ఉంది. అబద్ధం. తెలిసి రాయలేదు గానీ అబద్ధమే.

నీ పదకొండో రోజున నువ్వు ముట్టుకున్న వస్తువులన్నిటి మీదా పసుపు నీళ్లు చల్లాను. చెప్పుల మీద, సైకిలు మీద, దువ్వెన మీద, నీ కంచం మీద. ఆఖరికి పెట్టె. నీ చేతులు ఎక్కువగా తిరిగింది దాని లోపలే కదా అని మూత విప్పి, మావిడాకు ముంచి, లోపల మూడుసార్లు చిలకరించాను. మళ్లీ మూత బిగించాను. చెరువు నీళ్లు ఆ వారం ఇంటికి రెండు బిందెలే ఇచ్చారు. ఆ నీళ్లు తాగడానికి ఉంచి, పసుపు కలపడానికి సముద్రం ఎగదన్నే గెడ్డ వాగులో నీళ్లు ముంచుకొచ్చాను. ఉప్పు నీళ్లు. మూత కింద ముప్పై రోజులు ఆ ఉప్పు రాగిని తినేసింది.

నేనే చంపాను దీన్ని. ముద్దుగా, దణ్ణం పెట్టుకుని మరీ.

మావ ఇంటికి వెళ్లాను. ఎర్నమ్మ వదిన, అప్పన్న కూడా అక్కడే ఉన్నారు. నిలబడి చెప్పేశాను.

"ఇంట్లో అందరం సల్లుకుంతాం పసుపు నీళ్లు" అన్నాడు మావ. "మా ఆవిడ పోయినప్పుడు నానూ సల్లినాను. రేడియో మీద కూడా."

"రేడియో పలికిందా మావా?"

"అంతకు ముందే పలకడం మానీసింది లే."

అప్పన్న నేల చూస్తున్నాడు. "అప్పన్నా, నీ మీద నింద పడనిచ్చాను. ఒక రోజు నోరు మూసుకున్నాను" అన్నాను.

"నాలుగు రోజుల్లో గట్టు తెగితే నింద ఎవలి మీద ఉంటే ఏటప్పా" అన్నాడు. "బాగవుద్దా అది? అదొక్కటీ సెప్పు."

"తెలీదు. గీతలు తెగిపోయాయి. కొత్తవి వెయ్యాలి."

ఇంటికొచ్చి రెండుసార్లు కాచిన సారాలో నీ బ్రష్షు ముంచి చిలుం కడిగాను. కడిగేకొద్దీ గీతలు తగ్గిపోతున్నాయి, కింద రాగి లేదు. మీటరు పుల్లలు ఆ చివరా ఈ చివరా పెట్టాను. దారి ఉంటే కీచుమంటుంది. మూడు గీతలు కీచుమనలేదు. వాటిలో ఒకటి గుండె చప్పుడు మెదడుకి మోసేది. అన్నం అందుతున్నా మెదడు చల్లగా ఉన్నది అందుకే. పాత చిప్పు కూడా బాగున్నట్టే ఉంది. దాన్ని గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను.

సాల్డరింగు కడ్డీ కాల్చి, పాత తీగలోంచి వెంట్రుకంత రాగి పోగు లాగాను. చెయ్యి వణికింది. పోగు జారింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. మూడోసారి కడ్డీ పక్క చిప్పు కాళ్లకి తగలబోయింది. ఆపేశాను. సూర్యుడు దిగిపోయాడు, పలకల్లో కరెంటు లేదు. రేపు మధ్యాహ్నం దాకానే గడువు.

7. మూడు రోజులు

పొద్దున్న ఎర్నమ్మ వదిన లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. గిన్నెలో వేడి అన్నం, మెత్తళ్ల పులుసు.

"ఒదినా, టైము లేదు..."

"నీ సేతులు సూడు. ముసిల్దాన్లా ఒణుకుతన్నాయి. ఆరు రోజులై గంజి మెతుకు తిన్నావా? దాన్ని పాతిపెట్టినాం. నిన్ను కూడా మోసీ ఓపిక నాకు నేదే పారమ్మా. తిను. తినీదాకా గడియ తియ్యను. గట్టు కొట్టీసుకుంతే కొట్టీసుకోనీ."

ముద్ద కలిపి నోట్లో పెట్టింది. నమిలాను. రెండో ముద్దకి కళ్లలోంచి నీళ్లు వచ్చాయి, పులుసు కారమని చెప్పాను. "కారమేటి, ఉప్పే ఎక్కువైపోనాది" అని తనూ ముక్కు తుడుచుకుంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టింది.

కాసేపు కూర్చుని చెయ్యి చాపి చూసుకున్నాను. వణుకు తగ్గింది.

మొదటి పోగు ఒక్కసారికే పడింది. రెండోది రెండోసారికి. మూడోది గుండె గీత, అన్నిటికన్నా సన్నది. ఎర్నమ్మ వదిన అద్దం పట్టింది, ఎండ ముక్క బోర్డు మీద కదలకుండా నిలబడింది. ఊపిరి బిగబట్టి సీసం ఆనించాను. మెరిసి, గట్టిపడింది. మీటరు పెట్టాను. కీచుమంది. మూడూ కీచుమన్నాయి.

బయట గట్టు మీద గునపాల చప్పుడు. పనివాళ్లు వచ్చి నిలబడ్డారు. మావ కిటికీలోంచి "నీడ కాళ్ల కిందకి వచ్చీసిందే అమ్మా" అన్నాడు.

మీట నొక్కాను. ఒకటి. రెండు. మూడు.

తెల్ల గడి. టపటపా కొట్టుకుంటోంది.

ఎర్నమ్మ వదిన నా భుజం గిల్లేసింది. గడి ఒక్కటీ వస్తే చాలదు, తూముల వరస దానికి నేర్పాలి, అది నీ కేసెట్‌లో ఉంది. టేపు తిప్పాను. నువ్వు నేర్పిన మాట తెర మీద కొట్టాను, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ. పెట్టెకు అర్థమయ్యే ఆ కీచు భాషలో టేపు నాలుగు నిమిషాలు అరిచింది. ఆఖర్న తెర మీద తప్పు అని వచ్చింది.

"మావా, ఇంకోపాలి" అని కేకేశాను.

"మబ్బు కమ్ముతంది పారమ్మా. పలకల్లో కరెంటు ఉంటాదా?"

ఎక్కడ తప్పింది? అప్పుడు చూశాను, టేపు యంత్రం గొంతు పెంచే చక్రం మీద సూదితో గీసిన చిన్న గీత. నీ గుర్తు. చక్రం దాన్ని దాటి పైకుంది. ఎవరు తిప్పారో, తుడుస్తుంటే నేనే తిప్పానో. గీత దగ్గరికి తెచ్చాను. ఈసారి టేపును మొదటిదాకా వెనక్కి తిప్పాను.

అరుపు మొదలయ్యే ముందు, మామూలుగా నేను వినని చోట, నీ గొంతు వచ్చింది.

"తూముల వరస, నాలుగో మార్పు." ఆ వెనక, దూరంగా, వంటింట్లోంచి నా గొంతు. "గుండూ, అన్నం సల్లారిపోతందే!" మళ్లీ నువ్వు, నవ్వుతూ: "రెండు నిమసాలే అమ్మా."

ఆ తర్వాత టేపు అరవడం మొదలుపెట్టింది. ఎర్నమ్మ వదిన గోడకి తిరిగిపోయింది. నేను తెర వంక చూస్తూనే ఉన్నాను. చూడాలి కదా. మబ్బు పలకల మీదికి వచ్చింది, తెర కాస్త మసకబారింది, ఎర్ర దీపం సన్నబడింది. ఆరిపోలేదు. నాలుగు నిమిషాలు. తెర మీద పదకొండు గళ్లు వరసగా నిలబడ్డాయి. ఒక్కొక్క తూముకి ఒకటి.

కిటికీలోంచి మావ లోపలికి తొంగి చూసి, వెనక్కి తిరిగి, "గునపాలు దించండ్రా" అన్నాడు. అప్పన్నని పిలిచి, "ఒరే, ఆరో తూము నీదే. ఎప్పుడూ నీదే" అన్నాడు.

8. పెద్ద పోటు

ఎండ పలకల మీద పడగానే పెట్టెకు టేపు మళ్లీ వినిపించాను, కాసేపటికే సముద్రం లేచింది. గవరయ్య మావ గట్టు మీద, నేను పెట్టె దగ్గర. బెండు ఎక్కినప్పుడల్లా తెర మీద ఒక గడి నల్లబడుతుంది, అక్కడ తలుపు దిగుతుంది. పదకొండు, పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. లెక్క తప్పకుండా.

ఆరు దగ్గర ఆగింది.

గడి తెల్లగానే ఉంది. గట్టు మీద నుంచి అరుపులు. నీళ్లు మధ్యలోకి వస్తున్నాయని మావ కేక. నా చేతులు పెట్టె మీదే ఉన్నాయి, ఏం చెయ్యాలో నాకు తెలియదు గుండూ, నీకూ తెలియకపోయేదేమో. అప్పన్న నడుముకి తాడు కట్టించుకుని దిగాడు. బెండు పైకి లేవకుండా కర్ర ముక్క అడ్డం పడిందట. నువ్వు ఆ రోజు లాగబోయింది కూడా అలాంటిదే అయ్యుంటుంది. అతను కడుపునిండా తిని వచ్చాడు, నలుగురు తాడు పట్టుకున్నారు. లాగేశాడు.

గడి నల్లబడింది. తర్వాత అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి.

మధ్యాహ్నానికి నీళ్లు తగ్గాయి. మావ చెరువు నుంచి గ్లాసుడు ముంచుకొచ్చి నాకు ఇచ్చాడు. తాగాను. తియ్యగా ఉన్నాయి.

9. మర్నాడు

మొదటి పేజీలో నీ అక్షరాల కింద కాస్త చోటు ఉంటే నేనూ రాశాను. పెట్టె లోపల ఏ నీళ్లూ చల్లకండి, మనసుకి ఎంత అనిపించినా చల్లకండి. టేపు చక్రం గీత దాటనివ్వకండి. పెట్టె దగ్గర ఒక్కరే కూర్చోకండి, అద్దం పట్టడానికి ఒక మనిషిని పిలుచుకోండి. ఆ మనిషికి పని రాకపోయినా పర్వాలేదు, నాకూ వచ్చేది కాదు.

గుండూ, ఇక నీకు రాయను. ఈ పుస్తకం నా తర్వాత ఎవరో తెరుస్తారు, వాళ్లకి రాస్తాను.

మీరెవరో నాకు తెలియదు. పెట్టె వెలగడం లేదని ఇది తెరిచి ఉంటారు. పోటు దగ్గర పడుతూ ఉంటుంది, బయట ఎవరో తొందర పెడుతూ ఉంటారు. మీ ఇంట్లో ఎవరో అన్నానికి పిలుస్తూ కూడా ఉంటారు. రెండు నిమిషాలని చెప్పకండి. మరలు విప్పకముందే వెళ్లి, కూర్చుని, కడుపునిండా అన్నం తినండి.